మనిషికి మాట లేని భాష

రాజోలు దగ్గర ఓ కొబ్బరి పీచు మిల్లులో దానం అనే అతని ఉద్యోగం కంప్యూటరుకు మిషన్ల గురించి రాసిపెట్టడం. 2004లో అక్కడి మూడు పీచు మిషన్లకూ కలిపి ఒక కంప్యూటరు పెట్టారు. ఒక మిషను ఆగిపోతే అదే కనిపెట్టి, బెల్టు దారి మార్చి, ఖాళీగా ఉన్న మరో మిషనును తిప్పేది. ఏ మిషను ఎక్కడుంది, దేనికి బదులు ఏది తిరగాలి, ఏది ఖాళీ అన్నవన్నీ దానికి అర్థమయ్యే భాషలో రాసింది డిప్లొమా చదివిన దానమే. ఆ భాషలో మోటారుకు మాట ఉంది, బెల్టుకు ఉంది. మనిషికి లేదు.

ఒక మధ్యాహ్నం ఆగి ఉన్న రెండో మిషనులో చెయ్యి పెట్టి, చుట్టుకున్న పీచు లాగుతున్నాడు సత్యం అనే కూలీ. అదే సమయానికి మొదటి మిషను బిగుసుకుపోయింది. రెండోది ఖాళీ అనుకుని కంప్యూటరు దాన్ని తిప్పింది. ముళ్ల డ్రమ్ము సత్యం చేతిని మోచేతి దాకా నమిలేసింది. దానం పరుగున వెళ్లి మెయిను స్విచ్చి దించేసరికే పీచంతా ఎర్రబడింది.

సత్యాన్ని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాక జనం యజమాని నారాయణమూర్తిగారి మీదికి వచ్చారు.

"నన్నంటారేంటండీ? కంప్యూటరుకి రాసిచ్చింది ఇతనేనండీ" అని ఆయన దానాన్ని చూపించారు.

సత్యం బావమరిది, అదే మిల్లులో కూలీ అయిన కామరాజు మొదటి దెబ్బ వేశాడు. తర్వాత ఎనిమిది మంది కొబ్బరి మట్టలు తీసుకున్నారు. దానానికి రెండు పళ్లు ఊడాయి, పక్కటెముకలు విరిగాయి.

నెలన్నర తర్వాత దానం కొత్త కాగితాలతో యజమాని గదికి వచ్చాడు. ప్రతి మిషనుకూ ఒక తాళం. లోపల చెయ్యి పెట్టేవాడు తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. అది తిరిగొచ్చేదాకా కంప్యూటరు ఆ మిషనును లెక్కలోకి తీసుకోదు.

"అన్నిసార్లు ఆపితే మిల్లు నడిచినట్టేనయ్యా. పాతదే ఉంచు" అన్నారు నారాయణమూర్తిగారు.

గది అద్దంలోంచి దానం చూశాడు. రెండో మిషనులో భుజం దాకా వంగి ఉన్నాడు కామరాజు. మొదటిది బిగుసుకోబోతూ మూలుగుతోంది. అరిచినా వినపడదు. మెయిను అవతలి గోడకు ఉంది. పక్కనున్న సమ్మెట ఎత్తి కంప్యూటరు పెట్టెను బద్దలు కొట్టాడు. నిప్పులు ఎగిసి అరచెయ్యి కాలింది. మిల్లంతా ఆగిపోయింది.

యజమాని దానం మీద కేసు పెట్టారు. స్టేషనుకు కామరాజు తనంతట తనే వచ్చాడు.

"నా చెయ్యి లోపలుందండీ, ఆయ్. ఆయన ఆ పెట్టె కొట్టకపోతే నాదీ పోయేదండీ."

తాళాలు పెట్టేదాకా లోపలికి రామని కూలీలు గేటు దగ్గర కూర్చున్నారు. నారాయణమూర్తిగారు కేసు వెనక్కి తీసుకున్నారు, తాళాలూ పెట్టించారు. దానాన్ని మాత్రం పనిలోకి రానివ్వలేదు.

క్షమించమని కామరాజు రెండుసార్లు దానం ఇంటికెళ్లాడు. దానం తలుపు తియ్యలేదు.

ఆ ఏడాదే ఉప్పలగుప్తంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. చేరిన రోజు కంప్యూటరు ముట్టుకోలేదు. ముందు కమ్మరి దగ్గరికెళ్లి అక్కడి మిషన్లకు తాళాలు చేయించాడు.