పెద్ద ఫిడేలుకు పేగు తీగలు వేసిన ఏడు

ఈ ముసురుకి మా వంటింటి తలుపు ఉబ్బి గుమ్మంలో బిగుసుకుపోతే, మా కోడలు వడ్రంగిని పిలిపించి అంచు చిత్రిక పట్టించేస్తానంది. వద్దమ్మా, రెండు ఎండలు కాస్తే అదే సర్దుకుంటుంది, ఇప్పుడు చెక్కించేస్తే వేసవిలో ఆ సందులోంచి బల్లులు వస్తాయి అన్నాను. ఇవన్నీ మీకెలా తెలుసు అత్తయ్యా అని ఆ పిల్ల నవ్వింది. తెలియడానికేముంది, తడికీ పొడికీ కదిలిపోయే వస్తువుతో వయసులో ఉన్నన్నాళ్ళూ సావాసం చేసినదాన్ని. ఆ వస్తువేమిటో చెబితే మా కోడలు సగమే నమ్మింది గానీ, నా ఈడు వాళ్ళు, అందులోనూ డెబ్బైలలో నర్సీపట్నంలో మా చర్చికి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఇట్టే గుర్తుపడతారు. మా పెద్ద ఫిడేలు. ఇంగ్లీషులో డబుల్ బేస్ అంటారు. మనిషి కంటే ఎత్తు, నడుము దగ్గర సన్నం, నిలబెట్టి పక్కన నిలబడి వాయించాలి. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని చూసి తల్లి కొంగు పట్టుకునేవారు.

నాకు పుట్టుకతోనే ఉబ్బసం. అందుకని బడికి పంపలేదు. నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక తెలుగు బైబిలు, కీర్తనల పుస్తకం, కాస్త లెక్కలు, ఇంకాస్త ఇంగ్లీషు ఆయనే చెప్పారు. ఆ చదువుకి నాకేమీ చింత లేదు, దేవునికి స్తోత్రం. చింతల్లా ఒక్కటే, నేను పాడలేను. మా సంఘంలో పాడకుండా కూర్చోవడమంటే పెళ్ళి భోజనంలో విస్తరి ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడం లాంటిది. రెండు చరణాలు పాడితే పిల్లికూతలు మొదలయ్యేవి, అమ్మ వీపు రాసేది, అందరూ జాలిగా చూసేవారు. అది కనిపెట్టిన మిషన్ బంగళా దొరసానమ్మగారు ఒకరోజు నన్ను పీట ఎక్కించి, తాను తెచ్చుకున్న ఆ పెద్ద ఫిడేలు నా భుజానికి ఆనించి, చేతికి కమాను ఇచ్చారు. ఊపిరి చాలనివాళ్ళు చేత్తో పాడవచ్చునని ఆవిడ తన వచ్చీరాని తెలుగులో చెప్పిన మాట నాకు ఈనాటికీ మరపు రాదు. నాకు చెయ్యి కుదురుకునేసరికి ఆవిడ తమ దేశం వెళ్ళిపోయారు. ఫిడేలు చర్చికి, వాయించే పని నాకు మిగిలాయి.

అప్పటికి దానికి ఉన్నవి ఉక్కు తీగలు. సన్నగా, కటువుగా, వేళ్ళ మీద గాట్లు పెట్టేవి గానీ, కమాను తాకితే చాలు పలికేవి. మాట పూర్తికాకముందే జవాబిచ్చే చురుకైన పిల్లల్లా ఉండేవి. మన చెమ్మ గాలికి అవి తుప్పు పట్టి, ఒక వానాకాలం చివర పెద్ద తీగ ఫట్టున తెగింది. మరునాడు దాని పక్కది. నాన్నగారు బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి తిరగని కొట్టు లేదు; వీణ తీగలున్నాయి, చిన్న ఫిడేలు తీగలున్నాయి, ఇంత పెద్దదానికి తీగలేమిటండీ అని నవ్వారట.

అప్పుడు మా పెదనాన్నగారు ఒక మాట అన్నారు. ఆయన నాన్నగారికి అన్నగారే కాదు, సంఘానికి కార్యదర్శి కూడా. పట్నంలోని పెద్ద చర్చివాళ్ళు ఈ ఫిడేలు తమకిమ్మని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆయన మా అరుగు మీద కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా వైపు చూడకుండా నాన్నగారితో అన్నారు. "పలకనిదాన్ని మూల నిలబెట్టుకుని ఏటి సేస్తాంరా? కోతపండక్కి పలికితే సరే. నేకపోతే ఆ మర్నాడే లారీ ఎక్కించేస్తాను. ఈ గుంట మీద కోపం కాదు, ఒస్తువు పాడైపోతాది." ఆయన మాటలో తప్పు లేదు. కానీ నాకు మాత్రం చర్చిలో చాప మీద, పాడేవాళ్ళ మధ్య, నోరు మూసుకుని కూర్చున్న పాత రోజులు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. కోతపండుగకి నెల పైచిలుకు ఉంది.

మా అత్త, అంటే నాన్నగారి అక్కగారు, ఒకప్పుడు దొరసానమ్మగారి బంగళాలో పనులు చూసేది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడకి హఠాత్తుగా గుర్తొచ్చింది, ఆ బంగళాలో పాత తెరలు పెట్టిన ట్రంకు పెట్టెలో మైనపు కాగితం చుట్టిన తాళ్ళేవో ఉండాలని. తెల్లవారి నాన్నగారు వెళ్ళి తెచ్చారు. నాలుగు తీగలు, చేగోడీల్లా చుట్టలు చుట్టి, ముదురు తేనె రంగులో, ఒక్కొక్కటి నా చిటికెన వేలి మందాన! ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకి తడిసిన మందలా వాసన. ఇవి గొర్రె పేగులు మెలిపెట్టి చేసిన తీగలు, పూర్వం అన్ని ఫిడేళ్ళకీ ఇవే ఉండేవని దొరసానమ్మగారు ఒకప్పుడు ఇంగ్లీషులో చెప్పిన సంగతి ఆ పూట భోజనాల దగ్గర నాన్నగారు తెలుగులో చెప్పగానే, అత్త ముద్ద ముట్టనంది.

"ఓలమ్మో, గొర్రి పేగుల్తో దేవుడి పాట వాయిస్తావేటే?"

మా అమ్మ ఎప్పుడూ మాట తూలేది కాదు. పులుసు వడ్డిస్తూనే, "తినగా నేంది, వాయిస్తే తప్పేటండి వదినా?" అంది. ఆ పూట పులుసు దేనితో చేశారో వేరే చెప్పనక్కర్లేదు. నాన్నగారికి పొలమారేంత నవ్వొచ్చింది.

ఫిడేలుని మా ఇంటికి మోసుకొచ్చాం. తీగలు వేయడమే ఒక యజ్ఞమైంది. తీగలను ఎత్తిపట్టే నిలువు చెక్క ఉంటుంది, దాన్ని గుర్రం అంటారు. దాని మీది గాళ్ళలో ఈ లావు తీగలు పట్టలేదు. నాన్నగారు సన్న ఆకురాయితో ఆ గాళ్ళని వెడల్పుగా అరగదీశారు. ఉక్కు తీగల బిగువు చేతికి తెలిసినదాన్ని కనుక ఆ బిగువు వచ్చేదాకా తిప్పబోయాను. పేగు కిర్రుమంది, భయపడి ఆపేశాను. చేతితో కాదు, చెవితోనే బిగించాలని అప్పుడు తెలిసింది. శ్రుతికి వచ్చిన తర్వాత కూడా అది వేలికింద మెత్తగా, వదులుగా, చేద తాడులా ఆడేది. సరే, కమాను వేశాను. పలకలేదు. ఇంకోసారి వేశాను. బుస్సుమని గాలి చప్పుడు మాత్రం వచ్చింది.

ఇక అక్కడి నుంచి నాకు ఒకటే కుతూహలం. దిగులు పడాల్సిన రోజులే గానీ, నిజం చెప్పొద్దూ, ఆ దిగులుకి తీరిక చిక్కలేదు. లోపం చేతిలో ఉందా, కమానులో ఉందా, గాలిలో ఉందా? జారకుండా కమానుకి రాసే రోజనం ఇంకాస్త రాశాను; కొంచెం పట్టింది. కమాను వేగం తగ్గించి, భుజం బరువంతా దాని మీదికి వదిలాను. అప్పుడు గొంతు విప్పింది. ఉక్కు తీగ శబ్దం గోడకి తగిలి తిరిగొచ్చేది. ఇది గోడలోకి ఇంకిపోయేది, నేల మీది చాప కింది నుంచి అరికాళ్ళకి తెలిసేది. గుమ్మడికాయంత గుండ్రని శబ్దం. కానీ ఆలస్యంగా పలికేది. నేను పాటతో పాటు కమాను లాగితే, పాట ముందుకు పోయేది, నా తీగ వెనకాల వచ్చేది. దీనికేం చెయ్యాలో చాలా రోజులు అర్థం కాలేదు. ఒక సాయంకాలం ప్రార్థనలో నాన్నగారు పాట ఎత్తుకోబోతూ ఊపిరి తీసుకోవడం, ఆయన చొక్కా గుండె దగ్గర కాస్త పైకి లేవడం చూశాను. ఆ లేచే క్షణంలో కమాను కదిపాను. ఆయన గొంతు, నా తీగ ఒక్కసారే పలికాయి. సొంత ఊపిరి కోసం అన్నేళ్ళు పెనుగులాడినదాన్ని, ఇతరుల ఊపిరి కనిపెట్టి వాయించడం నేర్చుకున్నాను. దేవుడు ఎవరికి ఏ తలుపు తీస్తాడో అనుకున్నాను ఆ రాత్రి.

వాతావరణం సంగతి మరీ విచిత్రం. పొద్దున్న సరిచేసిన శ్రుతి మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఒకనాడు ఒక తీగ పైకి పోతే, పక్కది కిందికి దిగేది. బలిఘట్టం వైపు మబ్బు కనబడకముందే నా తీగలకి వాన కబురు అందేది. చివరికి మా అమ్మ పెరట్లోంచి నన్ను కేకేసి అడగడం అలవాటు చేసుకుంది: "వడియాలు ఎత్తెయ్యమంటావేటే?" నేను తీగ మీటి చూసి చెప్పేదాన్ని. నూటికి నూరుపాళ్ళూ నిజమయ్యేదని అనను గానీ, మా వడియాలు తడిసింది తక్కువ.

కోతపండుగ ముందు శనివారం. అంతా కుదిరింది. ఫిడేలు మళ్ళీ చర్చికి చేర్చి నిలబెట్టి, దుప్పటి కప్పి, ప్రార్థన చేసుకుని ఇంటికి వచ్చాను. సాయంత్రం అత్త చర్చి ఊడవడానికి వెళ్ళింది. పేగంటే తోలు లాంటిదే కదా, కిర్రుచెప్పులకీ, ఎద్దుల పలుపులకీ ఆముదం రాస్తే పగలకుండా ఉంటాయి కదా అని ఆవిడ ఆలోచించింది. పిల్ల ఇంత కష్టపడింది, రేపు తెగిపోతే ఎలాగ అని, ఆముదం గిన్నె తీసుకెళ్ళి నాలుగు తీగలకీ పైనుంచి కిందిదాకా శుభ్రంగా పట్టించింది. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని అది, ప్రేమకొద్దీ ఆముదం రాయడం.

ఆదివారం చర్చి నిండిపోయింది. బల్ల ముందు కొత్త ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, చెరుకు గడలు. కోటవురట్ల వైపు నుంచి బండ్ల మీద వచ్చినవాళ్ళు, ఏజెన్సీ నుంచి పసుపు కొమ్ములు, చోళ్ళు, అడ్డాకుల కట్టలు మోసుకుని దిగివచ్చిన కొండ ఊళ్ళవాళ్ళు. పెదనాన్నగారు మొదటి వరసలో ఉన్నారు. నాన్నగారు ఊపిరి తీసుకున్నారు, నేను కమాను కదిపాను. సబ్బు మీద చెయ్యి జారినట్టు జారిపోయింది. శబ్దం లేదు. వేలితో తాకి చూస్తే జిడ్డు. తల తిప్పితే అత్త నా వైపు చూసి, అంతా తనదే పూచీ అన్నట్టు తల ఊపుతోంది. నాకు సంగతి తెలిసిపోయింది.

పాట మొదలైపోయింది. పెదనాన్నగారి కళ్ళు నా మీదే ఉన్నాయి. కమాను బల్ల మీద పెట్టేసి, ప్రభువా అనుకుని, చూపుడు వేలితో లావు తీగ లాగి వదిలాను. దుమ్మ్ అని, మెత్తగా, నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. ఉక్కు తీగని అలా మీటితే గణగణమని చాలాసేపు మోగి పాటలోకి దూరేది. పేగు తీగ చెప్పవలసింది చెప్పి ఊరుకుంది. పదం దగ్గర ఒకటి, తాళం దగ్గర ఒకటి, అంతే. రెండో చరణానికి వెనక వరసల్లో ఏదో కదిలింది. కొండ ఊళ్ళవాళ్ళు మా కీర్తనలు మర్యాదగా వింటూ కూర్చునేవారే గానీ ఎప్పుడూ గొంతు కలిపేవారు కాదు. మేము ఎక్కడ ఎత్తుకుంటామో, ఎక్కడ ఆపుతామో వారికి అందేది కాదనుకుంటాను. ఆ రోజు ఒక పెద్దామె మొదలుపెట్టింది, తర్వాత ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు. మూడో చరణానికి చర్చి పైకప్పు రేకులు మోగాయి. నా వేలు బొబ్బలెక్కింది, నాకు తెలియలేదు.

ఆరాధన అయ్యాక ఆ పెద్దామె వచ్చి ఫిడేలు పొట్ట మీద అరచెయ్యి ఆన్చి చూసింది. "మా డప్పు ఇలగే సెప్తాదమ్మా, అడుగెక్కడెయ్యాలో" అంది. పెదనాన్నగారు పక్కనే ఉన్నారు. ఆయన మీసం సవరించుకున్నారు. "కమానెందుకు పట్టలేదే?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే అత్త అందుకుంది: "ఆముదం రాసేను. అందుకే అంత సల్లగా పలికింది." పెదనాన్నగారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగి, "లారీ వొద్దులే. బేగి ఆ జిడ్డు వొదిలించు" అని వెళ్ళిపోయారు.

జిడ్డు వదిలించడానికి తీగలకి శనగపిండి నలుగు పెట్టాం, కమాను వెంట్రుకలకి కుంకుడు రసం పోశాం. ఇంట్లో ఒక ఆడపిల్లకి తలంటినట్టే జరిగింది ఆ వేడుక. మళ్ళీ కమాను పట్టడానికి చాలా వారాలు పట్టింది. పట్టిన తర్వాత కూడా కొన్ని పాటలకి మీటడమే ఉంచమని సంఘమే అడిగింది. పెళ్ళయి రెండు వీధుల అవతలికి వచ్చాక కూడా ప్రతి ఆదివారం నేనే వాయించాను. ఎనభైలు సగం దాటేసరికి తీగలు పోగులు విడిపోవడం మొదలుపెట్టాయి. ఒకటి తెగితే మిగిలిన మూడింటితో, తర్వాత రెండింటితో సర్దుకున్నాను. ఈలోగా మా చర్చికి కీబోర్డు వచ్చింది. పట్నం చర్చిలో ఒక అమ్మాయి పెద్ద ఫిడేలు నేర్చుకుంటోందనీ, తీగలు మద్రాసు నుంచి తెప్పించుకోగలదనీ తెలిసి, నేనే పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళి లారీ మాట్లాడమన్నాను. ఆయన అప్పటికి బాగా పెద్దవారైపోయారు. నన్ను ఎగాదిగా చూసి, "నిజంగానేటే?" అన్నారు. మూలన నిలబెడితే పాడైపోతుంది కదండీ అన్నాను. లారీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. నేను ఏడవలేదు. ఎక్కడో ఒక పిల్ల దాని మీద చెయ్యి వేస్తుందని సంతోషంగానే ఉంది.

ఇప్పుడు మా చర్చిలో శ్రుతి తప్పదు. మీట నొక్కితే చాలు, ముసురైనా ఎండైనా అదే స్వరం, మా మనవడి ఈడు పిల్లలు ఎంతో చక్కగా వాయిస్తారు, వారిని దేవుడు దీవించుగాక. కాకపోతే ఒక్కటి లేదు. వాన రోజుల్లో నేను తీగలు సవరించుకుంటూ ఉంటే సంఘమంతా ఆగేది. నాకు సిగ్గేసేది, బేగి బేగి మరలు తిప్పేదాన్ని, అవి మాట వినేవి కావు. ఆ ఆగిన కాసేపట్లో ఎవరో ఎవరినో మీ బాబుకి జ్వరం తగ్గిందా అని అడిగేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి చోటు చూసుకునేవారు. రాత్రి మాట పట్టింపు వచ్చిన ఆలుమగలు చాప మీద కాస్త దగ్గరికి జరిగేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. ఇప్పుడు ఆరాధన ఠంచనుగా మొదలవుతుంది, పాట వెనక పాట, ఎక్కడా సందు లేదు. ఆ రోజుల్లో ప్రతి ఆదివారం నేను ఆలస్యం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ కాసేపూ మేమంతా ఒకరికొకరం శ్రుతి అవుతున్నామని ఇప్పటికి తెలిసింది. ఆ ఆలస్యానికి కూడా స్తోత్రం.