మారప్ప అరిచిన తడి

మారప్ప కొత్త బ్యాటరీని కావాలనే కాల్చాడని నగర్తపేటంతా చెప్పుకుంటోంది. ఒట్టి అబద్ధం. ముప్పై ఏళ్లుగా సీసం బ్యాటరీలు బాగుచేసి బతికినవాడు గనక, లిథియం వస్తే తన పొట్ట కొడుతుందని కుళ్లుకున్నాడట! ఆ బ్యాటరీ అతనికెంత నచ్చిందో వీళ్లకేం తెలుసు?

చందాపుర అవతల ఒక చెరువులో షికారు పడవలు నడుస్తాయి. అక్కడి మేనేజరు అభిజిత్ కన్నడం మనిషి. కొత్త బ్యాటరీ ఒకటి తెచ్చి, పది రోజులు పరీక్షచేసి బాగుందంటే పన్నెండు పడవలకూ అవే పెడతామని, బిగించే పని మారప్పదేనని చెప్పాడు. మారప్ప రోజూ పడవెక్కి చెరువు చుట్టూ తిరిగాడు. పాతది మూడు చుట్లకే మూలిగేది, ఇది ఏడు చుట్లు తిరిగినా అలిసేది కాదు.

"నీళ్లు పొయ్యమని కూడా అడగదు మే, ఉపవాసాల బ్యాటరీ!" అని భార్య కదిరమ్మతో చెప్పి నవ్వాడు.

ఎనిమిదో రోజు వాన వెలిశాక చార్జింగు వైరు తగిలించారు. స్విచ్చి గట్టుమీద, అభిజిత్ దగ్గర. మారప్ప పడవలో బ్యాటరీ పెట్టె మూత ఎత్తి చేయి పెట్టాడు. అడుగున నీళ్లు! మూత రబ్బరు సందులోంచి దిగాయి. అభిజిత్‌తో ఎప్పుడూ కన్నడమే మాట్లాడేవాడికి ఆ కంగారులో ఇంటి తెలుగు మాటే నోట్లోంచి వచ్చింది.

"తడి! తడి!"

కన్నడంలో తడి అంటే ఆగమని. అభిజిత్ బుద్ధిగా ఆగాడు. మారప్ప తుడిచే గుడ్డ కోసం గట్టెక్కుతుంటే, పని అయిందనుకుని స్విచ్చి వేశాడు. గుప్పున పొగ. మనుషులకేం కాలేదు. బ్యాటరీ మాడిపోయింది.

"తడి అన్నారు, ఆగాను గదా మారప్పనవరే!" అన్నాడు అభిజిత్ కన్నడంలో.

మారప్పకు విషయం అప్పుడు అర్థమైంది. పడవలోకి దిగి మాడిన పెట్టెకు మూత వేశాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు.

"ఏమప్పా మారప్పా, కొత్త కోడల్ని గడప తొక్కకముందే తోలేస్తివంట?" అన్నాడు పక్క కొట్టు వెంకటేశప్ప.

"ఆ మేనేజరప్పకు ఫోన్ చేసి చెప్పయ్యా, మన మాటలో తడంటే ఏమని. ఊరికే ఎందుకు నింద మోసేది?" అంది కదిరమ్మ.

"చెప్తే మాత్రం ఏముండాది? కాలింది కాలిపాయె."

కోపం లేదు, ఏడుపు లేదు. కలిపిన ముద్ద అలాగే వదిలి చేయి కడిగాడు.

ఇప్పుడూ పొద్దున్నే కొట్టు తెరుస్తాడు. తెచ్చిన బ్యాటరీ చూస్తాడు, ఉందనో పోయిందనో చెబుతాడు, అంతే. కాఫీ పెడితే ముట్టడు, మీగడ కడుతుంది. "బ్యాటరీ మంచిది. తప్పు పెట్టె మూతది" అని అభిజిత్‌కు రాసిన కాగితం చొక్కా జేబులోనే నలుగుతోంది. కదిరమ్మ పంపమంటే, "చూద్దాంలే" అంటాడు.

నగర్తపేట వైపు పని పడితే మారప్ప కొట్లోకి ఒకసారి తొంగిచూడండి. పడవ మాట ఎత్తకండి. తిన్నావా అప్పా అని అడగండి. జవాబు వెంటనే రాదు, వెళ్లిపోకండి.