తీసేస్తానన్న మనిషి

ట్రక్కు దిగేసరికి ఉదయం ఆరున్నర. వాన వెలిసినా చెట్లు ఇంకా కారుతున్నాయి. సింగపూర్ నడిమధ్యే అయినా ఆ అడవిలోకి రోడ్డు చప్పుడు రాదు. అంతకుముందు ఎవరో మా సైనిక శిక్షణ స్థలం కంచె కత్తిరించారు. కాల్పుల సాధన మొదలయ్యేలోగా వాగు వెంట బయటివాళ్ళెవరూ లేకుండా చూడాలని ఆర్డర్. ప్రతి పొదా అనుమానంగానే కనిపించింది.

మా సెక్షన్‌లో, అంటే మా చిన్న సైనిక జట్టులో, ఆడపిల్లను నేనొక్కదాన్నే. వీపున రేడియో, చేతిలో రైఫిల్. వాగు ఒడ్డున రాతిమీద కూర్చున్నాను. సార్జెంట్ వెనక వస్తున్నాడు.

అవతలి ఒడ్డున ఎవరో ఫోన్‌లో గుసగుసగా మాట్లాడుతున్నారు. తెలుగు.

"ఆడది వచ్చి కూర్చుంది. రెండోది కూడా రానీ, తీసేస్తాను."

ఆడది నేను, రెండోది వెనకొస్తున్న సార్జెంట్ అనుకున్నాను. మా అమ్మానాన్నలు మలేషియాలో పుట్టిన తెలుగువాళ్ళు. నాకొచ్చిన తెలుగు, ఇంట్లో అమ్మ నేర్పిందే. తీసేయడమంటే మాకు లేకుండా చేయడం. స్వామిని తలుచుకుని రేడియో నొక్కాను. వాగు దగ్గర తెలుగు మనిషి ఉన్నాడని, మనిద్దరినీ చంపుతానంటున్నాడని చెప్పాను.

"తెలుగా? నీవాళ్ళే కదా," అన్నాడు సార్జెంట్. "కదలనివ్వకు. వస్తున్నా."

రైఫిల్ ఎత్తి, చేతులు పైకెత్తమన్నాను. యాభై దాటిన మనిషి. ఎత్తాడు. ఎడమచెయ్యి వణుకుతోంది. కుడిచెయ్యి మాత్రం రాయిలా నిలిచింది. శిక్షణ ఉన్నవాడే అనుకున్నాను.

"ఎవర్ని తీసేస్తారు?"

ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. "ఫోటో తీస్తానన్నానమ్మా. మెల్లగా. ఎగిరిపోతుంది."

అప్పుడు చూశాను. ఎత్తిన చూపుడువేలి మీద సూదితూనీగ. అగ్గిపుల్లకన్నా సన్నం. ఆయనన్న ఆడది అదే, రావలసిన రెండోది దాని జత.

మా ఇంట్లో ఫోటో 'పట్టడం' అంటాం, 'తీయడం' అనం.

అయినా వదల్లేదు. సార్జెంట్ రాగానే ఆయన మెడలోని కెమెరా తీసుకుని ఒక్కో బొమ్మా చూశాను, మా కంచె ఫోటో ఉందేమోనని వెతుకుతూ. తూనీగలు, రాళ్ళు, నీళ్ళు. అంతే. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఉద్యోగి. దారి తప్పి లోపలికొచ్చానన్నాడు. పోలీసులకిస్తే ఇక్కడ పనిచేయడానికిచ్చిన పాస్ పోతుందని, పిల్ల చదువు ఇక్కడే ఉందని చెప్పాడు. నేను మాటను తప్పుగా అర్థం చేసుకున్నానని సార్జెంట్‌కి వివరించాను.

"నీ మాట మీద పంపేస్తా. నమ్ముతున్నావా?"

ఆ వేలివైపు చూశాను. "ఎస్, సార్జెంట్."

గట్టిగా హెచ్చరించి, కంచె దాకా నడిపించి పంపాం.

సాయంత్రం హౌగాంగ్‌లో మా ఫ్లాట్ చేరి, స్నానం చేసి దీపం పెట్టాను. ట్రిగ్గర్ మీద నా వేలు కదలనివ్వనందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

యూనిఫాం విడిచి చాలా కాలమైంది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ చెయ్యే. ఎదురుగా రైఫిల్ ఉన్నా, వాలిన ప్రాణి బెదురుతుందని వణకని చెయ్యి.