లక్ష్మీదేవమ్మ వేసిన సూది

ఆ చిన్న సర్కారు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా సూదులు వేస్తున్న లక్ష్మీదేవమ్మకు తన మీద తనకు కొంచెం ఎక్కువ నమ్మకమే. ఆ పొద్దున కూడా శిక్షణకొచ్చిన నర్సులను వరుసగా నిలబెట్టి, "రోగి పేరు మీరు చెప్పద్దండి. వాళ్ల నోటితోనే చెప్పించండి. చేతి పట్టీ మీద పేరు చూడండి" అని అరగంట వాయించింది.

మధ్యాహ్నానికి ఆ పాఠం తానే మింగేసింది.

మగవాళ్ల వార్డులో షుగరున్న ఎర్రిస్వామికి తిండికి ముందు ఇన్సులిన్ వేయాలి. కిటికీ పక్క మంచం మీద ఒకాయన జ్వరంతో మగతగా పడున్నాడు. పక్కన భార్య ఆంజినమ్మ.

"మీ ఆయన పేరేమ్మా?"

ఆంజినమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మొగుని పేరు యాడన్నా చెప్తారా మేడమ్? సామి పేరే."

"ఎర్రిస్వామేనా?"

ఆమె సిగ్గుతో తల వంచింది. కాదనాలంటే అసలు పేరు పలకాలి కదా! లక్ష్మీదేవమ్మ ఆ వంచిన తలనే అవుననుకొని పన్నెండు యూనిట్లు పొడిచేసింది.

అరగంటకు చివరి మంచం నుంచి కేక: "ఏమ్మా, నాకు సూది ఎప్పుడేస్తావు? సంగటి సల్లారిపోతాండాది!"

కేక వేసినాయనే ఎర్రిస్వామి. లక్ష్మీదేవమ్మ పరుగున పోయి జ్వరమున్నాయన చేతి పట్టీ తిప్పి చూసింది. తిప్పేస్వామి. ఆయనకు షుగరే లేదు. రెండు రోజులుగా కడుపులో గంజి కూడా సరిగా లేదు. వేలు పొడిచి చూస్తే షుగరు అరవై రెండుకు పడిపోయింది. నుదుటి మీద చెమట.

డాక్టర్ రాఘవేంద్ర వచ్చి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాడు. అంబులెన్సును సిద్ధంగా ఉండమన్నాడు. తర్వాత ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఆయన భార్యకు బలానికి ఎక్కిస్తున్న బాటిలని చెప్పండి మేడమ్. తెలిస్తే ఊరంతా మీదికొస్తారు. రిటైరయ్యే ముందర మీకెందుకు?"

నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు తియ్యగానే తగిలింది. మంచం దాకా పోయి "బలానికి..." అని నోరు తెరిచింది కూడా.

"మీరుండారు కదా మేడమ్, నాకేం బయం" అంది ఆంజినమ్మ, మొగుడి చెమట తుడుస్తూ.

లక్ష్మీదేవమ్మ ఆ అబద్ధం అక్కడే ఆపేసి, మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, ఇంకొకరికి వేయాల్సిన సూది మీ ఆయనకు వేసినా. దాంతో షుగరు పడిపోతాండాది. సాయంత్రం దాకా కనిపెట్టుకోనుండాల."

"అయ్యో, నేను పేరు చెప్పకపోతినే..."

"నువ్వు చెప్పకుంటే పట్టీ చూడాల్సింది నేను. తప్పు నాదే."

ఆంజినమ్మ లేచి మంచానికి అడ్డం నిలబడింది. "అట్లయితే ఇంగ నువ్వు ముట్టొద్దు. దూరం పో."

పొద్దున పాఠం విన్న నర్సులంతా చూస్తుండగానే లక్ష్మీదేవమ్మ గుమ్మం దాకా వెనక్కి నడిచింది. వాళ్లలో జ్యోతి అనే పిల్ల అర్ధగంటకోసారి వేలు పొడిచి అంకె చెబుతోంది. డెబ్బై ఎనిమిది. మళ్లీ అరవై తొమ్మిది. మరో గ్లూకోజ్. గుమ్మం దగ్గర లక్ష్మీదేవమ్మకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అయిదు గంటలకు నూట ఇరవై. ఆ తర్వాత ఇంక దిగలేదు. తిప్పేస్వామి కళ్లు తెరిచి గంజి అడిగాడు. ఆంజినమ్మ బోరుమంది కానీ గుమ్మం వైపు మాత్రం చూడలేదు.

లక్ష్మీదేవమ్మ తప్పుల రిజిస్టరు తీసి జరిగినదంతా రాసింది. ఏమైనా వదిలేశానా చూడమని జ్యోతికిచ్చింది.

ఆ పిల్ల చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "మేడమ్... 'పొరపాటు జరిగినది' అని రాసినారు. ఎవురు చేసినారో రాయలేదే?"

లక్ష్మీదేవమ్మ చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను అందుకొని ఆ ముక్క కొట్టేసి, తన పూర్తి పేరు రాసింది.