బెండు బండి

ఎడపల్లి పోశన్న ఏటా తొలి చెరుకు బండి కట్టేముందు కాడిని రెండు చేతులా తాకి కండ్లకద్దుకుంటాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో ఒకటి రెండు రాత్రులు గడిస్తే గాని ఇల్లు చేరడు. వచ్చి కాళ్లు కడుక్కొని అరుగెక్కగానే కూతురు సాయవ్వ జొన్నసొప్ప తెచ్చి ముందర పోస్తుంది. పెచ్చు పంటితో ఒలిచేది ఆయన, లోపలి తెల్లని బెండుకు తుమ్మముళ్లు గుచ్చి బండి చేసేది ఆమె. ముల్లు వంకరపోయినా ఆయన చెయ్యి పెట్టడు. చెవి వెనక బీడీ సర్దుకుంటూ చూస్తాడంతే. ఆనాడు మాత్రం నోరు ఊరుకోలేదు. సాయవ్వ ఎడ్ల మొఖాలు బండి వైపుకే తిప్పి గుచ్చింది.

"ఎడ్లు ఎన్కకు తిరిగినయేంది బిడ్డా? బండి ఎట్ల నడుస్తది?"

"నడ్వది బాపు. లైన్ల ఆగింది. ఎడ్లను ఇడిస్తే బండి మీది చెరుకాకు మేస్తయని నువ్వే చెప్పినవ్ గద."

పోశన్న నవ్వాడు. అప్పుడు కనబడింది, బండి కింద ముల్లుతో గుచ్చిన ఓ పొడుగాటి బెండు ముక్క, దాని మీద గుడ్డపేలిక.

"మరి గదేంది?"

"నువ్వే. పండుకున్నవ్. సలి పెడ్తదని కప్పిన."

పోశన్న ముందుకు వంగాడు. పేలిక జారిపోకుండా ఆ బండిని రెండు చేతులా ఎత్తి కండ్లకద్దుకున్నాడు.