గిలక మీద పదమూడు కిలోలు

పదకొండేళ్ళు బడిలో సైన్సు చెప్పిన మనిషిని నేను. గిలకను మాత్రం ఎప్పుడూ నల్లబల్ల మీదే తిప్పాను. బీదర్ జిల్లా చిట్గుప్పలో మా బడికి ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో హెడ్మాస్టరుకే తెలియదు.

రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన కొత్తలో, ఎండాకాలం సెలవుల్లో నన్ను బీదర్‌లో ఒక కాలేజీకి పంపారు. పది రోజుల పాటు పంతుళ్ళు, కాలేజీ విద్యార్థులు జంటలుగా చేత్తో పని చేసి ఇంజనీరింగు పరిశోధన నేర్చుకోవాలట. బాగా చేసిన నలుగురు విద్యార్థులను, ఆ పని నడిపించే ఇంజనీరు సారు మిగతా సెలవులంతా తన దగ్గరే పెట్టుకుని పని నేర్పిస్తాడు. నా జంట బగ్దల్ అనే పల్లె నుంచి వచ్చే రైతు కూతురు. "ఆ నలుగుర్ల నేనుండాలె సార్" అని మొదటి రోజే చెప్పింది.

మాకిచ్చిన పని బావి గిలక. నీళ్ళు తోడేటప్పుడు బలం ఎంత వృథా అవుతోందో కొలిచి, గిలకను బాగుచేయాలి. తాడుకు ఒక కొసన పది కిలోల బరువు కట్టాం. రెండో కొసకు స్ప్రింగ్ కాంటా తగిలించి ఆమె మెల్లగా లాగింది.

"పదమూడు సార్."

"పదే ఉండాలె. పుస్తకంల అట్లనే ఉన్నది. నీ చెయ్యి వణుకుతాంది" అన్నాను. నిజానికి ఆ కాంటా ముల్లు ఎలా చదవాలో నాకే సరిగా రాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆమె చేతికి వంక పెట్టాను.

మళ్ళీ లాగింది. మళ్ళీ పదమూడే.

"పదికి పదే అయితే మా అమ్మ చేతులకు బొబ్బలెందుకొస్తయి సార్? ఇరుసు కాడ రాపిడైతాంది."

"నాకే చెప్తవా? పది రాయ్!"

పంతులు కోపానికి ఎదురుందా? రబ్బరుతో చెరిపి పది రాసింది.

చివరి రోజు ఇంజనీరు సారు అందరి ముందూ మా కాగితం చదివాడు. "ఇరుసు దగ్గర ఏమీ వృథా కాని గిలకను నేనింతవరకు చూడలేదు. ఇది ఎవరు కొలిచారు?" అని కన్నడంలో అడిగాడు.

"అమ్మాయే సార్" అన్నాను. అబద్ధం కూడా కాదు చూడండి, అంత తెలివి నాది! ఆమె ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. "కొలవకుండా రాసేవాళ్ళు నాకు పనికిరారు" అన్నాడు ఆయన. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. నలుగురి పేర్లు చదివారు. ఆమె పేరు లేదు.

ఛీ, అదీ ఒక బతుకేనా! ఇప్పటికీ తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సాయంత్రం బస్టాండులో ఆమెను చూసి పక్కకు తప్పుకోబోయాను. తనే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్, ఒక్కటడుగుత. నేను సూసిన పదమూడు నిజమే కదా?"

అవునమ్మా అనడానికి ఎంతసేపు? అంటే నా తప్పు ఒప్పుకున్నట్టే.

"బస్సు పోతాంది, ఎక్కమ్మా" అన్నాను.

ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు ఇంకా హోటల్లో చాయ్ తాగుతూనే ఉన్నాడు.