ఆయుధ పూజ నాడు ఆపిన సర్వరు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన ఏడాది జూన్ నెలలో నన్ను తమిళనాడులో, కోవిల్‌పట్టిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టం మేనేజరుగా వేసుకున్నారు. విరుదునగర్‌లో దానికి శాఖ ఉంది. రెండు చోట్ల కంప్యూటర్లకూ బాధ్యుణ్ణి నేనే. నా కింద విరుదునగర్‌లో సెల్వి అనే టెక్నీషియన్ ఒక్కతే ఉండేది. హోదా చూస్తే అడ్మిన్ ఆఫీసరు తరవాత నేనే. పని చూస్తే మాత్రం ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా నన్నే కేకేసేవారు.

మాది ఆ దగ్గర్లోని నాగలాపురం పక్క ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను నెల్లూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్నవి. ఆ పుణ్యాన ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

నాలాంటి సిస్టం అడ్మినిస్ట్రేటరు రోజు ఎలా మొదలవుతుందో బయటివాళ్లకు తెలియదు. నాది వార్తలతో మొదలయ్యేది. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చదివి, మార్చుకుని, ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేరు. దాని వార్తలూ పాఠాలూ ఇచ్చే ఒక వెబ్‌సైటును ఇరవై ఏళ్లు వదలకుండా చదివాను. లినక్స్‌లో కొత్త వెర్షన్ ఏమొచ్చింది, ఏ ప్రోగ్రాములో లోపం బయటపడింది, దాన్ని ఎప్పటిలోగా సరిచేసుకోవాలి, ఇవన్నీ కాఫీ చల్లారేలోపు చూసేసేవాణ్ణి. పనికొచ్చే పాఠం కనిపిస్తే ప్రింటు తీసి గోడకు అంటించేవాణ్ణి. నా గది గోడకు సున్నం కనిపించేది కాదు.

నేను చేరగానే పట్టుకున్న పని స్కాన్ ఫిల్ముల్ని మానిపించడం. అంతకుముందు ఎం.ఆర్.ఐ. తీస్తే పెద్ద కవరులో నల్ల ఫిల్ము పెట్టి ఇచ్చేవారు. నేను ఉచిత సాఫ్ట్‌వేరుతో ఒక బొమ్మల సర్వరు కట్టాను. స్కాన్ బొమ్మలన్నీ కోవిల్‌పట్టిలో నాలుగు డిస్కులున్న ఒక పెట్టెలోకి చేరేవి. ఆ నాలుగింటిలో ఒకటి చచ్చినా మిగతా మూడూ నెట్టుకొస్తాయి. రెండు చస్తే అన్నీ పోతాయి. అందుకని విరుదునగర్‌లో ఇంకో యంత్రం పెట్టి, రోజూ మధ్యాహ్నం అక్కడికి నకలు వెళ్లే ఏర్పాటు చేశాను. రోగి చేతికి ఇచ్చేది ఒక కాగితం రిపోర్టు మాత్రమే.

ఆ నకలు ఎలా వెళ్లేదో కాస్త చెప్పాలి. విరుదునగర్ యంత్రం కోవిల్‌పట్టి పెట్టెను తనలోని ఒక ఫోల్డరులో కనిపించేట్టు తగిలించుకుంటుంది. దాన్ని మౌంట్ చేయడం అంటాం. తరవాత ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము ఆ ఫోల్డరును చూసి, అందులో ఉన్నవన్నీ తన డిస్కులోకి తెచ్చుకుంటుంది. నేను దానికి 'డిలీట్' అనే మాట కూడా తగిలించాను. అంటే అక్కడ తీసేసినవి ఇక్కడా తీసెయ్యమని. డిస్కులో చోటు తక్కువ, పనికిరాని బొమ్మలు పేరుకుపోకూడదని నా తెలివి. గోడ మీది పాఠంలో ఆ మాట కింద ఒక హెచ్చరిక ఉంది. నేను ఆదేశాన్ని దించుకున్నాను, హెచ్చరికను గోడకు వదిలేశాను.

అంతటితో ఆగానా? ఒక చిన్న ఆసుపత్రి ఫిల్ము లేకుండా ఎలా నడుస్తోందో నేనే ఒక పాఠం రాసి ఆ వెబ్‌సైటుకు పంపాను. వేసుకున్నారు. ఊళ్లో అందరికీ చూపించి మురిసిపోయాను. దాని కింద ఎవరో ఒకాయన, మూలం ఖాళీగా కనిపిస్తే మీ నకలు ఏమవుతుంది అని అడిగాడు. మా పెట్టె ఎప్పుడూ ఆగదు, మీరు నిశ్చింతగా ఉండండి అని జవాబు రాశాను.

స్కాన్‌కు వచ్చిన జక్కమ్మను మొదట చూసింది ఆ రోజుల్లోనే. మా ఊరికి మూడు మైళ్ల అవతల ఊరు ఆమెది. నల్లరేగడిలో మినుములూ, మా వైపు కంబు అనే సజ్జలూ వేసుకునే కుటుంబం. కుడి చెవి వెనక, వినికిడి నరం మీద చిన్న గడ్డ ఉందని తేలింది. అది ప్రాణం తీసే జాతి కాదు. పెరగకపోతే జన్మంతా అలాగే వదిలేయవచ్చు. పెరిగితే కొయ్యాలి. కోస్తే ఆ చెవికి వినికిడి పోతుంది, పక్కనే ఉన్న ముఖం నరానికీ ప్రమాదమే. అందుకని ఏడాదికోసారి స్కాన్ తీసి, పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి చూద్దామన్నారు.

ఆమె భర్త గురుసామి రిపోర్టు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నేను తెలుగువాణ్ణని తెలిసి నా గదికి వచ్చాడు. "ఏంది అన్నా, పిలిం ఇయ్యరా? మా వదినకు పెద్ద కవర్లో ఇచ్చినారే" అన్నాడు. "పిలిం ఎండకు పాడయిపోతాది. సర్వర్లో ఉండాది, బద్రంగా ఉంటాది, పో" అన్నాను. నోటికి హద్దుండాలి.

మూడో ఏడు ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్లన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి పూజ చేస్తారు. పూజ చేసిన పనిముట్టును మర్నాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా ముట్టరు. తాపీపని వాడు తాపీని, దర్జీ కత్తెరను అలాగే వదిలేస్తారు. మొదటి రెండేళ్లూ నా పెట్టెకు నడుస్తుండగానే బొట్టు పెట్టాను. ఆ ఏడు కొత్తగా వచ్చిన అడ్మిన్ ఆఫీసరు, నడుస్తున్న యంత్రానికి పూజ ఏమిటండీ, ఏడాదికి ఒక్కరోజు దానికీ విశ్రాంతి ఇవ్వండి అన్నాడు. స్కాన్ యంత్రం తనలో ఒక రోజు బొమ్మలు దాచుకోగలదు కాబట్టి అత్యవసర కేసులకు ఇబ్బంది లేదు. పాత యంత్రాల నుంచి తీసి వేసిన, ఆరేళ్లుగా తిరుగుతున్న డిస్కులను చల్లారనిస్తే మళ్లీ లేస్తాయో లేదో అన్న అనుమానం నాకు రాలేదా అంటే, వచ్చింది. పండగ పూట అడ్డుపుల్ల వెయ్యడమెందుకని నోరు మూసుకున్నాను. నా చేత్తోనే ఆపి, నా చేత్తోనే చందనం పూశాను. సెల్వి విరుదునగర్‌లో నకలు యంత్రానికీ అలాగే చేసింది.

అయితే విరుదునగర్ రిసెప్షన్‌లో చీటీలు రాసే పని కూడా ఆ యంత్రం మీదే నడిచేది. మధ్యాహ్నం రద్దీ పెరిగితే సెల్వి నాకు ఫోన్ చేసి, హారతి ఇచ్చేసి ఆన్ చేసుకోమంటారా అని అడిగింది. చేసుకోమన్నాను. ఆ యంత్రం లేచింది. కోవిల్‌పట్టి పెట్టెను తగిలించుకోబోయింది. అది ఆగి ఉంది కాబట్టి తగల్లేదు. ఫోల్డరు ఖాళీగా ఉండిపోయింది. నకలు వేళ కాగానే ఆర్‌సింక్ ఆ ఖాళీని చూసి, మూలంలో ఏమీ లేదు కనుక తన దగ్గరా ఏమీ ఉండకూడదని తీర్మానించి, ఒక్కొక్కటిగా అన్నీ తుడిచేసింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, దానికి చెప్పిన పని అది చేసింది. తప్పు దానిది కాదు.

పని కాగానే నా ఫోనుకు ఈమెయిల్ వచ్చింది: నకలు విజయవంతంగా పూర్తయింది అని. లోపల తుడిచేసిన ఫైళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. నేను శీర్షిక మాత్రం చదివి, పూజకు పెట్టిన పొరీ, అంటే మరమరాలూ, గుగ్గిళ్లూ తింటూ, పండగనాడు కూడా పని ఆగలేదని సంతోషించాను. తిన్నది ఇప్పటికీ అరగలేదు.

మర్నాడు పొద్దున హారతి ఇచ్చి మీట నొక్కాను. నాలుగు డిస్కుల్లో రెండు లేవలేదు. టక్కుటక్కుమని నాలుగుసార్లు కొట్టుకుని ఊరుకున్నాయి. అప్పుడు కూడా నాకు పెద్ద భయం లేదు. విరుదునగర్ ఉందిగా అనుకుంటూ ఇక్కడి నుంచే అందులోకి వెళ్లి ఫోల్డరు తెరిచాను. ఖాళీ. ఊరిపేరు తప్పు కొట్టానేమోనని మళ్లీ చూశాను. ఖాళీయే. బాబోయ్! రెండేళ్ల పైచిలుకుగా వచ్చిన జనం తలకాయలూ వెన్నెముకలూ గుండెలూ ఒక్క పండగ పూటలో పోయాయి.

డిస్కులను చెన్నైలో డేటా వెలికితీసేవాళ్లకు పంపించాం. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేమన్నారు. అడ్మిన్ ఆఫీసరు నన్ను పిలిచి, ఎవరడిగినా పాత బొమ్మలు ప్రస్తుతం అందుబాటులో లేవు అని మాత్రమే చెప్పాలి, అంతకుమించి ఒక్క మాట రాకూడదని ఆదేశించాడు. ఆయుధ పూజ ప్రస్తావనే వద్దన్నాడు. నేను తల ఊపాను.

నెల తిరక్కుండా జక్కమ్మ ఏడాది స్కాన్‌కు వచ్చింది. ఈసారి విరుదునగర్‌లో కొత్త యంత్రం మీద తీశారు. పాత కాగితాల్లో గడ్డ పదకొండు మిల్లీమీటర్లని ఉంది. కొత్త రిపోర్టులో పద్నాలుగు అని వచ్చింది. మా రేడియాలజిస్టు, అంటే స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు, నిజాయితీగా చెప్పింది: ఏ కోణంలో కొలిచామన్నదాన్ని బట్టి మూడు మిల్లీమీటర్లు తేడా రావచ్చు, పాత బొమ్మ పక్కన పెడితే తప్ప పెరిగిందో లేదో తేలదు అని. మదురై నుంచి వారానికోసారి వచ్చే నరాల సర్జన్ రెండు దారులు చూపించాడు. ఆరు నెలలు ఆగి మళ్లీ తీయడం ఒకటి. ఏడాదికి మూడు మిల్లీమీటర్లు నిజంగానే పెరుగుతుంటే ఆగడం ప్రమాదం కాబట్టి ఇప్పుడే కోయడం రెండోది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ నా గదికే వచ్చారు. జక్కమ్మ అడిగింది: "పెరిగిందా లేదా అనేది మాత్రం సెప్పు అన్నా. రెండేండ్ల బొమ్మలు నీ దగ్గరే ఉండాయి గదా."

నాకు నేర్పిన మాట చెప్పాను. "ఇప్పుడు కిడైకలేదమ్మా" అన్నాను. కిడైకడం అంటే మా ఇళ్లలో దొరకడం, తమిళం మాట.

"ఎప్పుడు దొరుకుతాది? ఆరు నెలలు ఆగితే దొరుకుతాదా?" అని గురుసామి అడిగాడు. చెప్పలేనన్నాను. "అయితే నువ్వు ఏమంటావు? మనవాడివి, నువ్వు సెప్తే వింటాం" అన్నాడు. నా చేతుల మీదుగానే అవి పోయాయి, దొరుకుతాయన్న నమ్మకం లేదు, అయినా కంగారు పడకుండా ఆగి చూడండి అని చెప్పాల్సింది నేను. అలా అనకుండా, డాక్టరు ఎట్లా చెప్తే అట్లా చేయండి అన్నాను. పిరికితనం అంటే అదే, దానికి వేరే పేరు లేదు.

ఆగడానికి వాళ్లకు ధైర్యం చాల్లేదు, ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ఢోకా లేదు. కుడి చెవి పోయింది. ముఖం నరం దెబ్బతిని కుడివైపు ముఖమంతా జారిపోయింది. ఆ కన్ను మూత పడదు. రోజుకు నాలుగుసార్లు మందు చుక్కలు వేసి, పడుకునేటప్పుడు ప్లాస్టరు అంటించాలి.

డిస్కులు పంపిన నాలుగు నెలలకు చెన్నై నుంచి వెలికితీసినవి వచ్చాయి. ఎక్కువ భాగం తునకలు, తెరుచుకోనివి. తెరుచుకున్న కొద్దిపాటిలో జక్కమ్మ మొదటి ఏడాది స్కాన్ ఒకటి. నేను రేడియాలజిస్టును పిలిచాను. ఆమె పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఒకే కోణంలోకి తిప్పి కొలిచింది. రెండుసార్లు కొలిచింది. కళ్లజోడు తీసి, పెరగలేదండీ అంది.

ఈ సంగతి బయటికి పోకూడదని అడ్మిన్ ఆఫీసరు మళ్లీ చెప్పాడు. ఈసారి నేను తల ఊపలేదు. ఆ మధ్యాహ్నం నా పాత పాఠం కింద జరిగిందంతా రాసి, ఆ ప్రశ్న అడిగిన ఆయనకు క్షమాపణ చెప్పాను. మర్నాడు సెలవు పెట్టి, విలాత్తికుళం బస్సెక్కి జక్కమ్మ ఊరు వెళ్లాను.

వాకిట్లో చేటతో మినుములు చెరుగుతోంది. కూర్చోమని స్టూలు వేసింది. గురుసామి కూడా వచ్చి నిలబడ్డాడు. నేను దాచకుండా మొత్తం చెప్పాను. పూజకు ఆపడం, అది లేవకపోవడం, రెండో చోటు ఎలా ఖాళీ అయిందీ, గడ్డ పెరగలేదన్న మాటా. గురుసామి నా మీదికి వచ్చాడు. "అప్పుడే సెప్పి ఉంటే ఆగి ఉందుము గదరా పాపీ! మనవాడని నమ్మి అడిగితిమే!" అన్నాడు. కొట్టినా పడి ఉండేవాణ్ణి. అతను కొట్టలేదు, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

జక్కమ్మ ఏడవలేదు. నోరు ఒకపక్కకు లాగుతుండగా, మాట మాటకూ పెదవి తుడుచుకుంటూ అడిగింది. "నాకు ఒకటి తెలియలేదు అన్నా. మేము విత్తనాల మినుములు మా ఇంట్లో ఒక కుండలో పెడతాం, మా అన్న ఇంట్లో ఇంగొక కుండలో పెడతాం. మా కుండకు పురుగు పట్టి కాలీ అయితే, ఆ కుండను గూడా కాలీ చేసెయ్యమని ఎవురైనా ముందే సెప్పి పెడతారా?"

"నేను సెప్పి పెట్టినానమ్మా" అన్నాను.

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నకలు ఆదేశానికి ముందు ఒక పంక్తి ఉంచాను: అవతలి పెట్టె తగిలి ఉందో లేదో చూడు, లేకపోతే ఏమీ ముట్టుకోకుండా ఆగిపో అని. తుడవడం అనే మాట తీసేశాను. ప్రతి రోగికీ తన బొమ్మల సీడీ ఒకటి చేతికి ఇప్పించాను. సిస్టం అడ్మినిస్ట్రేటరు మొదట కాపాడాల్సింది యంత్రాన్ని కాదు, దాని మీద ఆధారపడ్డ మనిషికి నిజం తెలుసుకునే వీలును. యంత్రం పోయినప్పుడు ఆ నిజాన్ని నోటితోనైనా చెప్పాలి. ఆ పంక్తి రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. నోరు విప్పడానికి నాలుగు నెలలు పట్టింది. రెంటిలో ఏ ఒక్కటి సమయానికి చేసినా ఆ ఆపరేషన్ జరిగేది కాదు.